చాటుగా ఎందుకు వండాలి?

ఒక శుక్రవారం సాయంత్రం మా ఏరియా ఆడవాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో ఎప్పటిలాగే మర్నాటి మెనూ వచ్చింది. గుత్తి వంకాయ, టమాటా పప్పు, చికెన్ వేపుడు, పూర్ణాలు. పికప్ ఐదు నుంచి ఏడు దాకా, గరాజ్ దగ్గర. కింద వరసగా ఆర్డర్లు. "నాకు రెండు అక్కా", "మాకు ఫ్యామిలీ ప్యాక్", "పూర్ణాలు అయిపోతే ముందే చెప్పండి వదినా". వాటి మధ్యలో కొత్తగా చేరిన ఒకావిడ మర్యాదగానే అడిగింది: "మీకు కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందాండీ? మా బాబుకి జీడిపప్పు పడదు, అందుకని అడుగుతున్నాను."

అంతే, గ్రూప్ ఒక్కసారిగా మూగబోయింది. పది నిమిషాల్లో మెనూ డిలీట్ అయిపోయింది. రాత్రికి వంట చేసే ఆవిడ గ్రూప్ నుంచే వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున విడివిడిగా మెసేజ్‌లు మొదలయ్యాయి. "ఎవరీ కొత్తావిడ? కంప్లైంట్ ఇచ్చే రకంలా ఉంది, చూసుకోండి" అని. బాబు ఏం తినగలడో ఎవరూ ఆలోచించలేదు. వండిన ఆవిడ శనివారం సంపాదన పోయిందని కూడా ఎవరూ అనుకోలేదు. తప్పంతా అడిగిన మనిషిదే అయిపోయింది.

నేనూ ఏమీ మాట్లాడలేదు. మాట్లాడే ముఖం నాకు లేదు. అప్పటికి నాలుగేళ్లుగా నేను కూడా కారప్పొడి, కందిపొడి, సున్నుండలు అలాగే అమ్ముతున్నాను. ఎవరైనా అడిగితే "ఏదో ఇంట్లో చేసుకుంటూ తెలిసినవాళ్లకి ఇస్తానండీ" అనేదాన్ని. డబ్బులు తీసుకునేదాన్ని, వ్యాపారం అనే మాట మాత్రం నోట రానిచ్చేదాన్ని కాదు.

ఆ మెసేజ్ వచ్చిన మూడు వారాలకి నేను కౌన్సిల్‌కి ఫోన్ చేశాను. ఇప్పుడు నాకు రిజిస్ట్రేషన్ ఉంది. గొప్పకి చెప్పడం లేదు, నాలుగేళ్లు దేనికి భయపడ్డానో తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, బాధా వేస్తుంది. ఇంట్లో వండి అమ్మే మన ఆడవాళ్లకి కౌన్సిల్ రూల్స్ శత్రువులు కావనీ, చాటుతనమే అసలు శత్రువనీ నాకు ఇప్పుడు అనిపిస్తోంది. ఆ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చాటున అమ్మితే పోయేది ఎవరికి?

2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 59 వేల దాకా ఉన్నారు. ఇన్ని ఇళ్లున్న చోట ఇంటి భోజనానికి గిరాకీ ఉండకుండా పోదు. పురుడు పోసుకున్న అమ్మాయికి పథ్యం కూర కావాలి, నైట్ షిఫ్ట్ చేసే స్టూడెంట్‌కి పప్పన్నం కావాలి, సంక్రాంతికి అరిసెలు కావాలి. హైదరాబాద్‌లో గల్లీకో కర్రీ పాయింట్, వీధికో స్వగృహ ఫుడ్స్ చూసి వచ్చినవాళ్లం. ఆ అవసరాన్ని ఇక్కడ తీరుస్తున్నది ఎక్కువగా మన ఆడవాళ్లే. చాలామంది భర్త వీసా మీద వచ్చినవాళ్లు, ఊళ్లో చేసిన ఉద్యోగానికి ఇక్కడ విలువ దొరకనివాళ్లు, చిన్నపిల్లల్ని వదిలి బయటికి వెళ్లలేనివాళ్లు.

అలాంటి మనిషి చాటుగా అమ్మినంత కాలం ఎవరి చేతికైనా చిక్కుతుంది. ఇరవై బాక్సులు ఆర్డర్ చేసి "ఈసారి ఉప్పెక్కువైంది" అని డబ్బు ఎగ్గొట్టినవాళ్లని గట్టిగా అడగలేదు. పోటీగా మొదలుపెట్టిన ఇంకొకావిడ "కౌన్సిల్‌కి చెప్తా" అంటే తలుపు మూసుకుంటుంది. పక్కింటాయన కార్ల గురించి గొణిగితే నెల రోజులు వంట మానేస్తుంది. ఎవరికైనా కడుపులో తేడా చేస్తే, అది తన వంట వల్ల కాకపోయినా, కాదని చూపించడానికి ఆవిడ దగ్గర ఒక్క రికార్డు ఉండదు. పైగా ఇంట్లోవాళ్లే "నీదేముందిలే, టైంపాస్" అంటారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి అరవైమందికి వండే పని టైంపాస్ ఎలా అవుతుంది?

రూల్స్ ఏమంటున్నాయి?

మనలో చాలామందికి ఒక అపోహ ఉంది. ఆస్ట్రేలియాలో ఇంట్లో వండి అమ్మడం నిషేధం అనుకుంటారు. కాదు. కౌన్సిల్‌కి తెలియజేసి, వాళ్లు చెప్పిన పద్ధతి పాటిస్తే చేసుకోవచ్చు. ఆహార భద్రత ప్రమాణాలు దేశమంతటికీ ఒకటే. వాటిని అమలు చేసే చట్టాలు రాష్ట్రానికొకటి. విక్టోరియాలో 1984 నాటి ఫుడ్ యాక్ట్ కింద కౌన్సిల్ దగ్గర రిజిస్టర్ కావాలి. న్యూ సౌత్ వేల్స్‌లో మొదలుపెట్టకముందే కౌన్సిల్‌కి నోటిఫై చేయాలి. క్వీన్స్‌లాండ్‌లో చాలా రకాల వంటలకి కౌన్సిల్ లైసెన్సు ఉండాలి. ఈ మూడు చోట్లా మొదటి ఫోన్ మాత్రం మీ కౌన్సిల్ హెల్త్ డిపార్ట్‌మెంట్‌కే.

నేను మెల్‌బోర్న్‌లో ఉంటాను కాబట్టి విక్టోరియా సంగతి కొంచెం వివరంగా చెప్తాను. ఇక్కడ ఏం వండుతున్నారు, అది ఎంత తొందరగా పాడవుతుంది అన్నదాన్ని బట్టి క్లాసులు ఉంటాయి. ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు, చైల్డ్ కేర్‌ల వంటశాలలు క్లాస్ 1. బిర్యానీ, కూరలు, పప్పు, పెరుగన్నం లాంటివి చల్లగానో వేడిగానో ఉంచకపోతే పాడయ్యేవి, అందుకని క్లాస్ 2. దీనికి శిక్షణ పొందిన ఫుడ్ సేఫ్టీ సూపర్‌వైజర్ ఉండాలి. కోర్సు చేస్తే ఆ సూపర్‌వైజర్ మీరే కావచ్చు. పొడులు, జంతికలు లాంటి పొడి సరుకు తక్కువ ప్రమాదం ఉన్నదాని కిందికి వస్తుంది. 2022 నుంచి క్లాస్ 3A అని కొత్తది వచ్చింది. ఇంట్లో చట్నీలు, రెలిష్‌లు, టమాటా సాస్ లాంటివి ఉడికించి, వేడిగా ఉండగానే సీసాల్లో నింపి అమ్మేవాళ్ల కోసం ఇది. అంటే పెద్ద హోటల్‌కీ ఇంట్లో పచ్చడి పెట్టే మనిషికీ తేడా ఉందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఏది ఏ క్లాసో చివరికి తేల్చేది కౌన్సిలే.

ఇక్కడే మన ఆవకాయతో ఒక తిరకాసు ఉంది. టమాటా పచ్చడి ఉడికిస్తాం కాబట్టి వాళ్లకి అర్థమవుతుంది. ఆవకాయని ఉడికించం. పచ్చి మామిడి ముక్క, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె, పైగా వెల్లుల్లి. నూనెలో మునిగిన పచ్చి వెల్లుల్లి అంటే ఇక్కడి ఆఫీసర్లు ఉలిక్కిపడతారు. ఊరికే కాదు. గాలి తగలని చోట, పులుపు చాలకపోతే, బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బుకి కారణమైన విషాన్ని పుట్టించే బ్యాక్టీరియా పెరగవచ్చు. పీహెచ్ 4.6 కన్నా తక్కువ ఉంటే, అంటే పులుపు సరిపడా ఉంటే, అది పెరగదు. కాబట్టి "మా అమ్మమ్మ కాలం నుంచీ ఇలాగే పెడుతున్నాం" అని వాదించే బదులు, పచ్చడిని ల్యాబ్‌లో పీహెచ్ టెస్ట్ చేయించి ఆ కాగితం ముందు పెట్టడం తేలిక. అమ్మమ్మ పుల్లటి కాయ కోసమే ఎందుకు పట్టుబట్టేదో, ఉప్పు ఎందుకు తగ్గనిచ్చేది కాదో మనకీ అప్పుడు తెలుస్తుంది. చికెన్, రొయ్యల పచ్చళ్లు మాత్రం వేరే లెక్క. వాటిని అడగకుండా మొదలుపెట్టకండి. అలాగే ఊరి నుంచి సూట్‌కేసులో తెచ్చిన పచ్చళ్లు, స్వీట్లు మళ్లీ అమ్మకండి. సొంతానికి తెచ్చుకోవడం వేరు, అమ్మకానికి దిగుమతి చేయడం వేరు. రెండోదానికి చట్టమే వేరుగా ఉంది.

వంటే కాకుండా ఇంటి సంగతి కూడా ఉంది. విక్టోరియాలో ఇంటి వ్యాపారానికి ప్లానింగ్ నియమాలు ఉన్నాయి. ఆ ఇల్లు మీరు నివసించే ఇల్లే అయి ఉండాలి. పర్మిట్ లేకుండా అయితే బయటివాళ్లు ఒకేసారి ఇద్దరికి మించి పని చేయకూడదు. వ్యాపారానికి వాడే చోటు 100 చదరపు మీటర్లు, లేదా ఇంటి విస్తీర్ణంలో మూడో వంతు, ఏది తక్కువైతే అది దాటకూడదు. మనలో ఎక్కువమందికి ఇవేవీ అడ్డం రావు. అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకోలు ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

ఉగాది, బతుకమ్మ, దీపావళి మేళాల్లో స్టాల్ పెట్టాలంటే దానికి రిజిస్ట్రేషన్ వేరుగా ఉంటుంది. విక్టోరియాలో ఫుడ్‌ట్రేడర్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో మీ కౌన్సిల్ దగ్గర ఒకసారి చేయించుకుంటే రాష్ట్రమంతా చెల్లుతుంది. వేరే కౌన్సిల్ పరిధిలో స్టాల్ పెట్టే ముందు, ఫలానా రోజు ఫలానా చోట అమ్ముతున్నాం అని 'స్టేట్‌మెంట్ ఆఫ్ ట్రేడ్' పంపాలి. పార్కులోనో ఫుట్‌పాత్ మీదో బల్ల వేస్తే ఆ స్థలానికి కౌన్సిల్ పర్మిషన్ మళ్లీ వేరు.

ఆఫీసర్ వచ్చిన రోజు

ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ ఆఫీసర్ వస్తున్నారంటే ఆ ముందు రాత్రి నాకు నిద్ర లేదు. పోపు వాసనకి ముఖం చిట్లిస్తారేమో, నా ఇంగ్లీష్ అర్థం కాదేమో, మా అత్తగారి పూజ గూడు చూసి ఏమంటారో అని. వచ్చినావిడ వాటిలో ఒక్కటీ పట్టించుకోలేదు. చేతులు ఎక్కడ కడుక్కుంటావు, అక్కడ సబ్బు, పేపర్ టవల్ ఉన్నాయా? అమ్మకానికి చేసే సరుకు, ఇంటి సరుకు విడిగా పెడుతున్నావా? వంట చేసేటప్పుడు పిల్లలు, పెంపుడు జంతువులు వంటింట్లోకి వస్తాయా? ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయితే ఆ రోజు వంట ఆపుతావా? డబ్బా మీద ఏం రాస్తున్నావు?

ముందు నాలుగింటికీ తడుముకుంటూ జవాబు చెప్పాను. ఐదో ప్రశ్న దగ్గర దొరికిపోయాను. నా కారప్పొడి డబ్బా మీద "కారప్పొడి" అని తప్ప ఏమీ లేదు. అందులో వేరుశనగపప్పు ఉంది, నువ్వులు ఉన్నాయి. ఈ రెండూ ఇక్కడి అలర్జీ జాబితాలో ఉన్నవే. సున్నుండల్లో నెయ్యి ఉంది, అంటే పాలు. జీడిపప్పు వేస్తే దాని పేరు విడిగా రాయాలి, 'నట్స్' అంటే చాలదు. 2024 ఫిబ్రవరి నుంచి ప్యాకెట్ల మీద అలర్జీ పదార్థాలని సూటిగా వాడుక పేర్లతో, బొద్దు అక్షరాల్లో రాయడం తప్పనిసరి అయింది. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది ఇంగువ. మనం వాడే ఇంగువ డబ్బాలు చాలావాటిలో గోధుమపిండి కలుస్తుంది. నాలుగేళ్లుగా "ఇందులో గోధుమ లేదండీ, కందిపప్పేగా" అని ధైర్యంగా చెప్పి కందిపొడి అమ్మాను. గోధుమ అస్సలు పడని సీలియాక్ మనిషి ఎవరైనా తిని ఉంటే?

అప్పుడు గుర్తొచ్చింది, గ్రూప్‌లో అడిగిన ఆ తల్లి. ఆవిడ అడిగింది కంప్లైంట్ కోసం కాదు. నా దగ్గర సమాధానం లేని ప్రశ్న అది, అంతే.

కూరలు, బిర్యానీ చేసేవాళ్లకి ఇంకొక లెక్క ముఖ్యం. పాడయ్యే ఆహారం 5 డిగ్రీల లోపో, 60 డిగ్రీల పైనో ఉండాలి. మధ్యలో మొత్తం రెండు గంటల లోపైతే మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. రెండు నుంచి నాలుగు గంటలైతే వెంటనే తినేయాలి. నాలుగు దాటితే పారేయాలి. వండినదాన్ని చల్లార్చడానికీ లెక్క ఉంది. 60 నుంచి 21 డిగ్రీలకి రెండు గంటల్లో, అక్కడి నుంచి 5కి ఇంకో నాలుగు గంటల్లో దిగాలి. పెద్ద గిన్నెడు సాంబారు గట్టు మీద వదిలేస్తే తెల్లారేదాకా లోపల గోరువెచ్చగానే ఉంటుంది. వెడల్పు ట్రేల్లో పల్చగా పోసి చల్లార్చాలి. వండిన అన్నం బయట వదిలేస్తే అందులో పెరిగే బ్యాక్టీరియా కొన్ని మళ్లీ వేడి చేసినా చావని విషాన్ని వదులుతాయి. మధ్యాహ్నం ఒంటిగంటకి దించిన బిర్యానీని జనవరి ఎండలో కారు డిక్కీలో పెట్టుకుని సాయంత్రం ఆరుకి డెలివరీ ఇచ్చేవాళ్లు దయచేసి ఈ పేరా రెండోసారి చదవండి. విక్టోరియా ఆరోగ్య శాఖ 'డూ ఫుడ్ సేఫ్‌లీ' అని ఉచిత ఆన్‌లైన్ కోర్సు పెట్టింది. అమ్మకపోయినా, ఇంట్లో వండుకునేవాళ్లు కూడా చేయదగ్గది.

"అవన్నీ మనకెందుకే" అనేవాళ్లకి

నేను రిజిస్ట్రేషన్ గురించి చెప్తే నాకు వచ్చే జవాబులు నాలుగు.

మొదటిది, "ఇండియాలో ఇవన్నీ ఉన్నాయా?" ఉన్నాయి. 2006 ఆహార భద్రత చట్టం కింద ఇంట్లో పచ్చళ్లు చేసి అమ్మేవాళ్లు కూడా రిజిస్టర్ కావాలి. ప్యాకెట్ మీద కనిపించే 14 అంకెల నంబరు అదే. తోపుడు బండివాళ్లకి 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. గుర్తింపు కార్డు ఉన్నవాళ్లని ఇష్టం వచ్చినట్టు లేపేయకూడదని అది చెప్తుంది. అక్కడి బండి మీద ఇడ్లీ అమ్మే అక్క ఆ కార్డుని పర్సులో పెట్టుకుని తిరిగేది ఎందుకంటే అది తనకి రక్ష కాబట్టి.

రెండోది, "ఫీజు ఎక్కువ." ఈ మాటలో న్యాయం ఉంది. కౌన్సిల్‌ని బట్టి, క్లాసుని బట్టి ఏడాదికి వందల డాలర్లు అవుతుంది. వారానికి పది డబ్బాల పొడి అమ్మే మనిషికి అది భారమే. దీని గురించి కిందన చెప్తాను. కానీ ఫీజు కట్టకుండా మిగుల్చుకున్న ఆ డబ్బుకి మనం ఇచ్చుకుంటున్న ధర కూడా లెక్కేయండి. చాటుగా అమ్మినన్నాళ్లూ నేను ఒక్క దుకాణానికి సరుకు ఇవ్వలేకపోయాను. మేళాలో స్టాల్ అడగలేకపోయాను. ధర పెంచడానికి నోరు రాలేదు. ఇన్సూరెన్స్ తీసుకునే దారే లేదు.

మూడోది, "టాక్స్‌వాళ్లు పట్టుకుంటారు." ఏబీఎన్ తీసుకోవడం ఉచితం. ఏడాది టర్నోవర్ 75 వేల డాలర్లు వచ్చేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. వచ్చిన ఆదాయం చూపించాలి, నిజమే. ఖర్చులు కూడా చూపించుకోవచ్చు. లెక్క రాయడం మొదలుపెట్టాక నాకు తెలిసింది, మొదటి రెండేళ్లు నేను నష్టానికి అమ్మాను. నెయ్యి ధర, గ్యాస్, డబ్బా, నా పెట్రోలు కలిపితే ఒక్కో సున్నుండకి నేనే ఎదురు డబ్బు ఇచ్చినట్టు.

నాలుగోది వీసా. ఇది తేలిగ్గా తీసుకోకండి. ఏ వీసా మీద ఎంత పని చేయవచ్చో మీ వీసా షరతుల్లో చూసుకోండి. స్టూడెంట్ వీసా వాళ్లకి 2023 జూలై నుంచి చదువు జరిగే రోజుల్లో పక్షానికి 48 గంటల పరిమితి ఉంది. సొంత వ్యాపారం చేసినా అది పని కిందే లెక్క. "ఇంట్లో వంటేగా" అంటే చెల్లదు.

ఆ కాగితం మీద పేరు

ఈ దేశంలో మన దేశస్తులు లైసెన్సు పెట్టుకుని అమ్మడం కొత్తేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో పంజాబ్ వైపు నుంచి, సింధ్ నుంచి వచ్చినవాళ్లు విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ పల్లెల్లో బట్టలు, సూదులు, మసాలాలు మోసుకుని ఇంటింటికీ తిరిగి అమ్మేవాళ్లు. అందుకు హాకర్ లైసెన్సు ఉండేది. వాళ్ల మీద అనుమానాలు, వెటకారాలు, ఆంక్షలు చాలానే ఉండేవి. 1901లో వలసలని అడ్డుకునే చట్టం వచ్చాక వాళ్ల బతుకు ఇంకా ఇరుకైంది. వాళ్లలో చాలామంది ఏమయ్యారో తెలియదు. కానీ లైసెన్సు రికార్డుల్లో రాసి ఉండబట్టి కొందరి పేర్లు ఈనాటికీ మిగిలాయి.

నా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వచ్చిన రోజు దాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఇంటి లోను ఇద్దరి పేరు మీద ఉంది, కరెంటు బిల్లు ఆయన పేరు మీద. ఈ దేశం నేను చేసే పనిని పనిగా ఒప్పుకుని నా పేరు మీద ఇచ్చిన మొదటి కాగితం అది. ఆ సాయంత్రం మా ఆయన దాన్ని ఫ్రిజ్ మీద అతికిస్తూ, "అయితే ఇక టైంపాస్ కాదన్నమాట" అన్నారు. "ఎప్పుడూ కాదు" అన్నాను.

కొనేవాళ్లు, అడ్మిన్‌లు, కౌన్సిల్‌లు

రూల్స్ పాటించే భారమంతా వండే ఆడదాని మీదే వేస్తే అది అన్యాయం. కొనేవాళ్ల సంగతి కూడా మాట్లాడుకోవాలి. రెస్టారెంట్‌లో ఇరవై డాలర్ల బిర్యానీకి నోరెత్తని మనం, ఇంట్లో చేసే అక్క పన్నెండు డాలర్లంటే "ఇంట్లోదేగా, పదికి ఇవ్వండి" అంటాం. ఆవిడ ఫీజు, ట్రైనింగ్, ఇన్సూరెన్స్ ఆ రెండు డాలర్లలోనే ఉన్నాయి. రిజిస్ట్రేషన్ ఉన్నావిడ దగ్గర ఒక డాలర్ ఎక్కువైనా కొనండి. లేనావిడని ఫోన్‌లో విడిగా, ప్రేమగా అడగండి, "తీసుకోవడానికి ఏమైనా సాయం కావాలా" అని. చిన్న చిన్న గొడవలకి కౌన్సిల్ పేరు చెప్పి బెదిరించడం మాత్రం మానేద్దాం.

గ్రూప్ అడ్మిన్‌లకి ఒక మాట. ఫుడ్ మెనూ పెట్టేవాళ్లు రిజిస్ట్రేషన్ ఉందో లేదో, అలర్జీ పదార్థాలేంటో రాయాలని ఒక నియమం పెట్టండి. లేనివాళ్లని తీసేయకండి. ఆరు నెలలు టైమ్ ఇవ్వండి. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న ఒకావిడని వాళ్లకి జత చేయండి. ఫారం నింపడం అంత కష్టం కాదు, ఒంటరిగా నింపడమే కష్టం.

ఇక కౌన్సిల్‌లు. ఇండియాలో చాలా ఏళ్లుగా 12 లక్షల రూపాయల లోపు టర్నోవర్ ఉన్న చిన్నవాళ్లకి ఆహార రిజిస్ట్రేషన్ ఫీజు ఏడాదికి వంద రూపాయలే ఉంటూ వచ్చింది. చిన్న వ్యాపారానికి చిన్న ఫీజు అన్న ఆలోచన మన దగ్గర పనిచేసినప్పుడు ఇక్కడ ఎందుకు చేయదు? ఏడాదికి కొద్ది వేల డాలర్లే అమ్మేవాళ్లకి తక్కువ శ్లాబు పెట్టమని, మొదటి ఏడాది సగం ఫీజు తీసుకోమని మనం అడగాలి. ఆవకాయ, ఇడ్లీ పిండి, పొడులు ఏ క్లాసులోకి వస్తాయో తెలుగులో ఒక పేజీ రాసి పెట్టమని అడగాలి. ఇండియా 2014 చట్టంలో ఇంకో మంచి సంగతి ఉంది. పట్టణ వ్యాపార కమిటీల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. అది ఎంత అమలవుతోందన్నది వేరే చర్చ. కానీ రూల్ రాసే బల్ల దగ్గర వండే మనిషి కూర్చోవాలన్న మాట సరైనది. మన కౌన్సిల్‌లు ఏటా బడ్జెట్ ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడుగుతాయి. ఫీజుల పట్టిక అందులోనే ఉంటుంది. మనలో ఎంతమంది ఎప్పుడైనా రాశాం? చాటుగా అమ్మేవాళ్లు ఫీజు తగ్గించమని అడగలేరు కదా. లెక్కలో ఉన్నవాళ్ల మాటే ఎవరైనా వింటారు.

ఆ శుక్రవారం గ్రూప్ నుంచి వెళ్లిపోయిన ఆవిడకి నేను తర్వాత ఫోన్ చేశాను. మొదట ఎత్తలేదు. రెండో వారం ఎత్తింది. ఇద్దరం మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఆవిడ ఫారం నింపాం. కూరలకి క్లాస్ 2 అవుతుంది కాబట్టి సూపర్‌వైజర్ కోర్సు చేస్తోంది. థర్మామీటర్ కొంది. ఓనర్ సంతకం ఇంకా రావాలి, అది వస్తుందో రాదో తెలియదు. వచ్చేదాకా అమ్మకం ఆపేసింది, ఆ నష్టం ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు.

అలర్జీ గురించి అడిగిన ఆ తల్లి నంబర్ కూడా గ్రూప్‌లోంచి తీసుకుని క్షమాపణ చెప్పాను. కొత్త లేబుల్ ఫోటో పంపాను. కారప్పొడిలో వేరుశనగ, నువ్వులు, ఇంగువలో గోధుమ, అన్నీ బొద్దు అక్షరాల్లో. జీడిపప్పు లేదు కానీ అదే వంటింట్లో వాడతానని కూడా రాశాను. ఆవిడ ఆలోచించుకుని, "అయితే పొడి వద్దండీ, థాంక్స్" అంది. ఆర్డర్ రాలేదు. అయినా ఆ జవాబు నాకు నచ్చింది. ఏం తినాలో, ఏం తినకూడదో తేల్చుకోవడానికి ఆవిడకి కావాల్సింది నేను దాచకుండా చెప్పాను.

మీలో ఇంట్లో వండి అమ్మేవాళ్లు ఎవరున్నా సోమవారం ఒక ఫోన్ చేయండి. పేరు చెప్పకుండా కూడా అడగొచ్చు, "నేను ఇలాంటివి చేద్దామనుకుంటున్నాను, ఏం కావాలి?" అని. నేనూ అలాగే మొదలుపెట్టాను, చేయి వణుకుతుంటే.